చంపిందెవరో చెప్పండి

దానమ్మ సినిమా చూసి వచ్చిందంటే మార్కాపురం పలకల కార్ఖానాలో మూడు రోజుల పాటు ఎవరికీ పని చేసినట్టే ఉండేది కాదు.

ఆ కార్ఖానాలో పాతికమంది ఆడవాళ్లు తాటాకు చపారం కింద రెండు వరుసలుగా కూర్చుని, గని నుంచి వచ్చిన పలకరాళ్లను నీళ్లు చల్లి ఇసుకతో రుద్ది నునుపు చేసేవాళ్లు. పొద్దున్నించి సాయంత్రం దాకా అదే రుద్దుడు. వేళ్ల కొసల్లో తోలు లేచిపోయేది, నడుములు పట్టేసేవి. వాళ్లలో సినిమా డేరాలో అడుగుపెట్టినవాళ్లు ఇద్దరో ముగ్గురో. ఒకామెను మొగుడు పోనివ్వడు. ఒకామెకు చంకలో పసిబిడ్డ. ఇంకొకామెకు అత్త భయం. అందుకని ఊళ్లోకి డేరా వచ్చినప్పుడల్లా అందరూ కలిసి దానమ్మను పంపేవాళ్లు. ఆమె వంతు పలకలు తలా కాసిని పంచుకుని రుద్ది, పొద్దు వాలకముందే లేపి తోలేవాళ్లు.

"నువ్వు పో దానమ్మా. మా కండ్లు గూడా నువ్వే ఎత్తుకొని పో" అనేది సుబ్బులమ్మ. ఆ వరుసల్లోకెల్లా పెద్దది సుబ్బులమ్మ. ఒకప్పుడు నాలుగెకరాల మెట్ట చేసిన ఇంటి కోడలు. కరువులో చేను చేజారి, అరవయ్యో ఏట పలకలు రుద్దడానికి వచ్చింది.

మర్నాడు పొద్దున చేతులు పనిలో పడగానే దానమ్మ మొదలుపెట్టేది. ఎవరు ఏ తలుపులోంచి వచ్చారు, ఎవరి చెవికి ఏ కమ్మలున్నాయి, ఎవరు ఏ మాట అన్నారు, ఆ మాటకు ఎదుటివాళ్ల మొహం ఎట్లా మాడిపోయింది, అన్నీ వరసగా చెప్పేది. పాటలు సగం పాడేది, సగం చదివేది. ఆమె చెబుతుంటే సవతి పోరు పడే ఇల్లాలి కోసం చపారమంతా ముక్కులు చీదేది. మిషను బడిలో నాలుగో తరగతి దాకా చదివిన మనిషి. గుళ్లో ఆదివారం పాదిరిగారు చెప్పిన వాక్యాన్ని ఇంటికొచ్చి ఒక్క ముక్క పోకుండా అప్పజెప్పేది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాలి, సొంత పైత్యం కలపకూడదు. అది ఆమె పెట్టుకున్న నియమం. ఆ నియమం గురించి ఆమె ఎవరికీ చెప్పలేదు, కానీ అందరికీ తెలుసు.

యుద్ధం ముగిసిన మరుసటేడు ఎండాకాలంలో మాలకొండయ్య టూరింగ్ టాకీసు మార్కాపురం వచ్చింది. మాలకొండయ్య పొదిలి పక్క ఆసామి. సేద్యం తమ్ముడికి అప్పజెప్పి, డేరా, ఇంజను, బొమ్మ తిప్పే మిషను కొనుక్కుని ఊరూరా తిరుగుతున్నాడు. ఫిలిం పెట్టెలు రైల్లో వచ్చి స్టేషన్లో దిగిన రోజునే జట్కా మీద డప్పు కొట్టిస్తూ పచ్చ కాగితాలు పంచారు. దానమ్మ ఒక కాగితం తెచ్చి చపారం కింద గట్టిగా చదివింది.

"నీలిమేడ రహస్యము. జమీందారు దారుణ హత్య! హంతకుడెవరు? చివరి రీలులో తెలియును. తప్పక చూడుడు."

"అబ్బ! ఈసారి మజా ఉంది" అన్నారు ఆడవాళ్లు. మర్నాడే ఆమెను పంపారు.

దానమ్మ మొగుడు సీమోను గనిలో రాయి చీల్చే పని చేసేవాడు. మెత్తని మనిషి. ఆయన మగవాళ్ల వైపు నేల మీద కూర్చున్నాడు, ఆమె తడికకు ఇవతల ఆడవాళ్లలో కూర్చుంది. బొమ్మ మొదలైంది. పెద్ద మేడ. జమీందారు కుర్చీలో చచ్చిపడి ఉన్నాడు, వీపులో కత్తి. టోపీ పెట్టుకున్న డిటెక్టివు వచ్చాడు. దానమ్మ చీర కొంగు నడుముకు దోపి, ఒళ్లంతా కళ్లు చేసుకుని చూసింది. మొదటి రెండు రీళ్లు బాగానే ఉన్నాయి. జమీందారు తమ్ముడొకడు, రెండో పెళ్లాం ఒకతి, వంటవాడొకడు. ముగ్గురి మీదా అనుమానమే. ఆమె ముగ్గురికీ మనసులో మూడు గాట్లు పెట్టుకుంది.

మూడో రీలులో తెల్లచీర కట్టిన రెండో పెళ్లాం ఒక తలుపులోంచి లోపలికి పోయింది. ఆ తలుపులోంచే ఇంకొకామె బయటికి వచ్చింది. అదే చీర, అదే పేరు, మొహం మాత్రం వేరు. ఇంట్లో ఎవరూ అదేమని అడగలేదు. తర్వాత గోడ గడియారం వెనక్కి తిరిగింది. మేడ మీద గదిలో ఒక గుర్రం నిలబడి వెండిపళ్లెంలో ఏదో తింటోంది. డిటెక్టివు దానికి నమస్కారం పెట్టాడు. పెరట్లో బావిలోకి తొంగిచూస్తే నీళ్లు లేవు, అన్నీ గొడుగులే. వంటవాడు ఏడుస్తూ ఒక పాట పాడాడు, ఆ పాటలో వంట మాట గానీ చావు మాట గానీ లేదు. ఒక్కో రీలు అయినప్పుడల్లా దీపం వెలిగేది, మిషను తిప్పే మస్తానయ్య ఇంకో రీలు ఎక్కించేవాడు. దానమ్మ రీళ్లు లెక్కపెట్టుకుంటూ కూర్చుంది. 'పోనీ, చివర్లో అంతా విప్పుతారులే. చిక్కు ముడి ఎంత గట్టిగా ఉంటే విప్పినప్పుడు అంత బాగుంటుంది' అనుకుంది.

చివరి రీలు వచ్చింది. డిటెక్టివు శవం మీది దుప్పటి తీశాడు. కింద ఉన్నది జమీందారు కాదు, ఆ డిటెక్టివే. శవం కళ్లు తెరిచి నవ్వింది. తెల్లచీర మనిషి పరిగెత్తింది. మేడ పొగలా కరిగిపోయింది. శుభం.

దీపం వెలిగింది. ఎవరో దగ్గారు. అప్పుడు కుర్చీల్లోంచి ఒకాయన చప్పట్లు కొట్టి, "శభాష్! ఎంత లోతు!" అన్నాడు. మిషను బడి పంతులు కరుణాకరం. ఆయన కొట్టాడని పక్కన ఉన్న తాలూకా కచేరీ గుమాస్తా కొట్టాడు, గుమాస్తా కొట్టాడని వెనక బెంచీల వాళ్లు కొట్టారు.

దారిలో దానమ్మ మొగుణ్ని అడిగింది. "ఏమయ్యా, ఎవురు చంపినారు?"

"నేను గుర్రం కాడే నిద్రపోయినానే" అన్నాడు సీమోను.

మర్నాడు చపారం కింద పాతికమంది చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. దానమ్మ చెప్పడం మొదలుపెట్టింది. రెండో రీలు దాకా కథ బండిచక్రంలా దొర్లింది. మూడో రీలులో కూలబడింది.

"ఆ లోపలికి పోయినామె ఏమాయె?" అని అడిగింది భాగ్యమ్మ.

"తెలవదు."

"బయటికొచ్చినామె ఎవురు?"

"ఆమేనంట."

"ఆమె ఈమె ఎట్లవుతాది?"

"తెలవదు."

"గుర్రం మేడ మెట్లు ఎట్లెక్కింది?"

"నాకు తెలవదంటే!"

"తినేదేందో గూడా చూడలేదా? ఉలవలా, దాణానా?"

ఒకరు నవ్వారు. ఆ నవ్వు వరుసంతా పాకింది. మధ్యాహ్నానికల్లా కథ చితికిపోయింది. చివర్న శవం నవ్విందని చెప్పేసరికి సుబ్బులమ్మ చేతిలో పలక కింద పెట్టి, "అమ్మీ, నిజం చెప్పు. నిద్రపోయినావు గదా?" అంది.

ఎవరేమన్నా పడేది దానమ్మ. ఆ మాట మాత్రం ఇసుక రాపిడికి తోలు లేచిన చోట ఉప్పు పడ్డట్టు తగిలింది. "లేదు పెద్దమ్మా. రెప్ప వాల్చలేదు" అని మాత్రం అంది.

ఆ సాయంత్రమే బడికి కావలసిన పలకల కోసం కరుణాకరం పంతులు కార్ఖానాకు వచ్చాడు. దానమ్మ లేచి ఎదురుపోయింది.

"పంతులయ్యా, మీరు రాత్రి చప్పట్లు కొట్టినారు గదా. జమీందారును చంపిందెవరో చెప్పండయ్యా. వీళ్లకు చెప్పాల."

కరుణాకరం చిరునవ్వు నవ్వాడు. బెజవాడలో ట్రయినింగు చదివొచ్చిన మనిషి. దానమ్మ వాళ్ల పేటలో పుట్టినవాడే, సీమోనుకు దూరపు చుట్టం కూడా. కానీ ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నప్పటి నుంచి ఎవరి గడపలోనూ కూర్చునేవాడు కాదు.

"దానమ్మా, అది నీబోటి వాళ్ల కోసం తీసిన చిత్రం కాదు. అందులో అంతరార్థం ఉంది."

"ఏందయ్యా ఆ అంతరార్థం?"

"చెబితే అర్థమయ్యేది కాదు. దానికి చదువు ఉండాలి." ఆయన పలకలు ఎంచుకుని వెళ్లిపోయాడు.

ఇంటికి వెళ్లాక సీమోను జాలిపడ్డాడు. "ఎందుకే ఈ రంపు? తమ్ముడు చంపినాడని చెప్పు, సరిపాయె. ఎవురొచ్చి అడుగుతారు?"

"తమ్ముడు చంపింది నేను చూడలేదు. చూడనిది చూసినానని చెప్పమంటావా?"

"ఒక్క మాటకు ఏమాయె?"

"ఈ ఒక్క మాట అల్లితే, ఇంతకుముందు చెప్పినయ్యన్నీ అల్లినవే అనుకుంటారు" అంది దానమ్మ. ఆ రోజు ఆమె సంకటి ముద్ద అట్లాగే ఉండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం గంజి తాగే వేళ ఆమె నేరుగా డేరా దగ్గరికి నడిచింది. మాలకొండయ్య నులకమంచం మీద కూర్చుని తాంబూలం వేసుకుంటున్నాడు. ఆమె దూరంగా నిలబడి పచ్చ కాగితం చాపింది.

"అయ్యా, హంతకుడెవరో చివరి రీలులో తెలుస్తాదని ఇందులో అచ్చేసినారు. చివరి రీలు చూసినా. తెలవలేదు."

మాలకొండయ్య ఎగాదిగా చూశాడు. "ఏందమ్మే, టిక్కెట్టు వాపసు గావాల్నా? ఇంద, తీస్కపో" అని రొండిన ఉన్న సంచీలో చెయ్యి పెట్టాడు.

"డబ్బులొద్దయ్యా. కథ గావాల. చంపిందెవరో ఒక్క ముక్క చెప్పండి, పోతా."

మాలకొండయ్య తాంబూలం ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చాడు. "ఒకతూరి చూస్తే అర్థమయ్యే బొమ్మ గాదమ్మే అది. గుంటూరులో పెద్దపెద్దోళ్లు మూణ్ణాలుగు తూర్లు చూసినారంట."

"అయితే నేనూ చూస్తా."

"చూడు పో. నువ్వు దినామూ ఊరికే వచ్చి చూడు. తెలిస్తే మాకు గూడా చెబుదువులే" అని గట్టిగా నవ్వాడు. ఆయన పరాచికానికి అన్నాడు. దానమ్మ దాన్ని మాటగానే తీసుకుంది. ఆ సాయంత్రం పని దిగగానే వచ్చి డేరా గుడ్డ పైకెత్తి లోపలికి పోయింది. గేటు కాడ మనిషి ఆపబోతే మాలకొండయ్యే చెయ్యి ఊపి వదిలేయమన్నాడు.

రెండోసారి చూసింది. రీళ్లు తారుమారై ఉంటాయేమోనని అనుమానం వచ్చి, ఆట మొదలు కాకముందే మస్తానయ్య దగ్గరికి పోయింది. మస్తానయ్య బక్కపల్చటి మనిషి, ఇంజను నూనెతో చేతులు నల్లగా ఉంటాయి. విసుక్కోకుండా ఒక్కో డబ్బా మూత మీది అంకె చూపించాడు.

"ఇదిగో చెల్లెలా, ఒకటి, రెండు, మూడు. నేను తప్పు ఎక్కియ్యను. ఆ గుర్రం అయిదో రీలులో ఉండాల్సిందే, అయిదో రీలులోనే ఉంది."

మూడోసారి చూసింది. ఈసారి తమ్ముడినే చూసింది, వాడు ఎక్కడ నిలబడితే అక్కడ కళ్లు నిలిపింది. వాడు ఆరో రీలు తర్వాత మళ్లీ కనిపించనే లేదు. నాలుగోసారి వంటవాణ్ని పట్టుకుంది. జమీందారు చచ్చిన వేళకు వాడు పెరట్లో గొడుగు ఎండబెడుతున్నాడు. రోజూ పొద్దున చపారం కింద ఆడవాళ్లు అడిగేవాళ్లు, "తెలిసిందా?" అని. రోజూ ఆమె తల ఎత్తే చెప్పేది, "తెలవలేదు" అని. మూడో రోజు నుంచి ఎవరూ నవ్వలేదు. సుబ్బులమ్మ మాత్రం, "అంత చూసినా తెలవదంటే, ఆడ ఏమీ లేదేమో" అని గొణిగింది.

శనివారం సంత రోజు. చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చినవాళ్లతో డేరా కిటకిటలాడింది. కరుణాకరం పంతులు దర్శి నుంచి వచ్చిన బావమరిదిని తీసుకుని కుర్చీలో కూర్చున్నాడు. రీలు రీలుకూ ఆయనకు ఏదో వివరిస్తున్నాడు. సీమోను కూడా వచ్చి నేల మీద కూర్చున్నాడు. దానమ్మ అయిదోసారి చూసింది. శుభం పడింది, దీపం వెలిగింది. కుర్చీల్లో చప్పట్లు మొదలయ్యాయి.

దానమ్మ లేచింది. తడిక పక్కనుంచి నడిచి తెర ముందుకు వచ్చి నిలబడింది.

"అయ్యలారా, అమ్మలారా! ఈ బొమ్మ నేను అయిదు తూర్లు చూసినా. జమీందారును చంపిందెవరో నాకు తెలవలేదు. తెలిసినోళ్లు లేచి చెప్పండి. చెప్పి పోండి."

"కూచో కూచో!" అని బెంచీల్లోంచి అరిచారు.

"బొమ్మ అయిపోయింది గదయ్యా. ఇంక కూచునేదేంది?"

మగవాళ్ల వైపు నుంచి సీమోను లేచి ఆమె కేసి రాబోయి, ఆగి, ఉన్నచోటే నిలబడ్డాడు. కూర్చోలేదు మాత్రం. మాలకొండయ్య గేటు దగ్గర నుంచి, "ఏయ్, ఆమెను పక్కకు లాగండ్రా" అన్నాడు. నేల మీది జనంలో ఎవరూ కదల్లేదు. వాళ్లకూ వినాలని ఉంది.

"పంతులయ్యా" అంది దానమ్మ. "మీరు చప్పట్లు కొట్టినారు. మీకు తెలిసే ఉంటాది. నాకు చదువు లేదు, సరే. చెప్పి చూడండి, అర్థం గాకపోతే నా ఖర్మ."

బావమరిది ఆయన మొహం వంక చూశాడు. డేరా డేరా అంతా ఆయన వంక చూసింది. కరుణాకరం లేచి చొక్కా సర్దుకున్నాడు. "ఇందులో చెప్పడానికేముంది? తమ్ముడు. ఆస్తి కోసం తమ్ముడే చంపాడు. అది స్పష్టంగానే ఉంది."

"కాదండీ" అన్నాడు పక్క కుర్చీలోని కచేరీ గుమాస్తా. "తమ్ముడెట్లవుతాడు? చంపింది డిటెక్టివు. అందుకే గదా శవం మొహం ఆయనదైంది."

"అసలు ఎవరూ చావలేదు" అన్నాడు బట్టల కొట్టు ఆసామి. "అంతా ఆ ఆడమనిషికి వచ్చిన కల."

"కల అయితే గుర్రం ఎందుకు?"

"కల కాబట్టే గుర్రం!"

"మీరు నిన్న నాతో వంటవాడన్నారు గదండీ!" అని గుమాస్తా పంతుల్ని నిలదీశాడు.

ముగ్గురూ లేచి నిలబడి ఒకరి మాట ఒకరికి వినపడకుండా వాదించుకున్నారు. నేల మీద నవ్వులు పుట్టాయి. దానమ్మ నవ్వలేదు. ఆ గోలంతా ఆగేదాకా నిలబడి, వెనక్కి, మిషను వైపు చూసింది.

"మస్తానన్నా, నువ్వు ఎన్ని ఊర్లలో ఆడించినావు ఈ బొమ్మ?"

మస్తానయ్య యజమాని వంక చూశాడు. చేతిలోని గుడ్డతో వేళ్లు తుడుచుకున్నాడు. "పదకొండు ఊర్లమ్మా."

"చంపిందెవురు?"

"నాక్కూడా తెలవదు" అన్నాడు మస్తానయ్య. "దేవుని తోడు. ఎవురన్నా అడిగితే చెప్పాలని నేనూ చూస్తా వచ్చినా. ఎవురూ అడగలేదు. తెలవంది నాకొక్కడికే అనుకున్నా."

ఆ మాటతో తడిక అవతల ఆడవాళ్లలో ఎవరో, "మాకూ తెలవలేదు!" అని అరిచారు. "నాకూ తెలవలేదబ్బా!" అన్నాడు గడ్డం పెంచిన రైతొకాయన, బరువు దించుకున్నట్టు. అక్కడో గొంతు, ఇక్కడో గొంతు. "గొడుగులెందుకో చెప్పండి!" "పోయినామె యాడికి పోయింది?" "మాలకొండయ్యా, నువ్వు చెప్పు!" మాలకొండయ్య ఏం చేయాలో తోచక ఇంజను ఆపించాడు. డేరా చీకటైపోయింది. చీకట్లోనూ జనం అడుగుతూనే ఉన్నారు. ఎవరు అడుగుతున్నారో కనపడకపోవడంతో బెంచీల వాళ్లు కూడా ధైర్యం చేసుకుని గొంతు కలిపారు.

ఆ చీకట్లో దానమ్మ అంది, "తెలవంది తెలవదని చెప్పేదానికి నాకు సిగ్గులేదయ్యా. తెలవకుండా తల ఊపేదానికే నాకు సిగ్గు." ఆ మాట ఎంతమందికి వినపడిందో తెలియదు. సీమోనుకు వినపడింది. ఆయన జనంలోంచి తోసుకుంటూ వచ్చి ఆమె రెక్క పట్టుకుని, "పదవే, ఇంటికి పోదాం" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు.

పేటలో రెండు రోజులు గుసగుసలు నడిచాయి. మగవాళ్ల మధ్య నిలబడి అరిచిందని, పంతులి పరువు తీసిందని కొందరు అన్నారు. ఆదివారం గుళ్లో కరుణాకరం ఆమె కూర్చున్న వైపు చూడలేదు. దానమ్మ కీర్తనలు ఎప్పటికంటే గట్టిగా పాడింది.

సోమవారం పొద్దున మాలకొండయ్య జట్కాలో కార్ఖానాకు వచ్చాడు. ఆడవాళ్లు హడలిపోయారు. ఆయన మాత్రం నవ్వుతూ దిగాడు. ఆదివారం డేరా పట్టనంత జనం వచ్చారట. హంతకుణ్ని తామే కనిపెడతామని పందేలు వేసుకుని మరీ వచ్చారట.

"ఏమ్మే, ఒక పని చెయ్యి. దినామూ ఆటకు ముందు మైకులో నువ్వు అట్లనే అడగాల. 'చంపిందెవరో చెప్పండి' అని. ఏడాది పొడుగునా డేరా ఎప్పుడొచ్చినా నీకు, నీ మొగునికి బెంచీ సీటు ఊరికే ఇస్తా."

చపారం కింద చేతులన్నీ ఆగిపోయాయి. బెంచీ సీటంటే మాటలు కాదు.

"వద్దయ్యా" అంది దానమ్మ. "తెలవక అడిగినా నేను. దినామూ మైకులో అడిగితే అది యాపారం అయితాది. మళ్లీ నేను నిజంగా అడిగినా ఎవురూ నమ్మరు."

"మరి ఏం గావాల నీకు?"

"ఈ బొమ్మ తీసినోళ్లు యాడుంటారో చెప్పండి. వాళ్లనే అడుగుతా."

మాలకొండయ్య విస్తుపోయాడు. తర్వాత ఏమనుకున్నాడో, పోతూ పోతూ మస్తానయ్యను అడగమని చెప్పాడు. మస్తానయ్య ఫిలిం పెట్టె మీద అతికించిన చీటీ చూసి మద్రాసు కంపెనీ చిరునామా రాసిచ్చాడు. దానమ్మ ఒక కార్డు కొని చపారం కిందనే కూర్చుని రాసింది. చుట్టూ మూగి తలొకరూ ఒక ప్రశ్న చెప్పారు. కార్డులో చోటు చాలక గుర్రం సంగతి అంచున నిలువుగా రాయాల్సి వచ్చింది.

డేరా గిద్దలూరు తరలిపోయింది. అక్కడా జనం అడిగారని, మాలకొండయ్య విసిగి పెట్టెలు రైలెక్కించి వెనక్కి పంపాడని గనికి వచ్చిన కూలీలు చెప్పుకున్నారు. మస్తానయ్య పని మాత్రం పోలేదు. ఆ ఇంజను ఇంకొకరి చేతిలో లేచేది కాదు.

నెల దాటాక జవాబు వచ్చింది. పేటకు వచ్చే ఉత్తరాలన్నీ బడిలోనే ఇచ్చిపోయేవాళ్లు. ఆ కార్డు పట్టుకుని కరుణాకరం పంతులు స్వయంగా కార్ఖానాకు వచ్చాడు. ఎవరితోనైనా పంపొచ్చు, పంపలేదు. కార్డు అప్పటికే చదివాడని ఆయన మొహమే చెబుతోంది.

దానమ్మ చేతులు కడుక్కుని వచ్చింది. కార్డు అందుకోబోయి ఆగింది. "మీరే చదవండి పంతులయ్యా. అందరికీ వినపడేటట్టు."

కరుణాకరం గొంతు సవరించుకున్నాడు. "మీ కార్డు అందినది. సదరు చిత్రమునకు కథ వ్రాసినవారు మధ్యలోనే మానుకొనిరి. దర్శకులు చిత్రము ముగించి వేరొక కంపెనీకి వెళ్లిరి. హంతకుడెవరన్నది మా ఆఫీసులో ఎవరికిని తెలియదు. మా తదుపరి చిత్రమును ఆదరింపగోరెదము."

పంతులు కార్డు ఇచ్చేసి కూడా అక్కడే నిలబడ్డాడు. ఎండ నెత్తిన పడుతోంది.

"దానమ్మా" అన్నాడు. "నాకూ తెలియలేదు. ఆ రోజు చప్పట్లు ఎందుకు కొట్టానో కూడా తెలియదు. అర్థం కానిదేదో గొప్పదే అయ్యుంటుందనుకున్నా."

దానమ్మ దగ్గర ఇన్నాళ్లూ ఆయన మీద దాచుకున్న మాటలు చాలా ఉన్నాయి. అవి ఇప్పుడు చూస్తే పనికొచ్చేవిగా అనిపించలేదు. "నీడలోకి రండయ్యా" అంది.

ఆయన వచ్చి, పలకలకు బిగించే చెక్క చట్రాల కట్ట మీద ఇస్త్రీ చొక్కాతోనే కూర్చున్నాడు. దానమ్మ తన చోటికి పోయి పలక చేతిలోకి తీసుకుంది. అప్పుడు సుబ్బులమ్మ, కార్డు వచ్చిన దగ్గర్నుంచి మింగుతున్న కోపాన్నంతా ఒక్కసారి కక్కేసింది.

"ఇంత మంది కలిసి, అంత మేడ కట్టి, గుర్రాన్ని మెట్లెక్కించి, ఎవురు చంపిందో తెలవకుండానే తీసినారా! థూ! వాళ్లు గాని ఈడ పలక రుద్దుంటే మేస్త్రీ మొదటి రోజే ఎల్లగొట్టుండేవాడు!"

పంతులే ముందు నవ్వాడు. ఆ వెనక అందరూ నవ్వారు. నవ్వులు సద్దుమణిగాక సుబ్బులమ్మ దానమ్మ వైపు జరిగి, "నువ్వు నిద్రపోయినావంటిని గదా అమ్మీ. ఆ మాట ఎనక్కి తీసుకుంటుండా. మొదట్నించి చెప్పు" అంది.

దానమ్మ పలక మీద నీళ్లు చల్లి, మొదటి రీలు మొదలుపెట్టింది.